వాహన శయన శాస్త్రం

1. శాస్త్రారంభం

ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు శ్రీమహావిష్ణువు క్షీరసాగరంలో యోగనిద్రకు ఉపక్రమించి, కార్తిక శుద్ధ ఏకాదశి నాడు మేల్కొంటాడన్న సంగతి పంచాంగం చూసే ప్రతివారికీ విదితమే. స్వామి నిద్రించే ఆ నాలుగు నెలలూ గరుత్మంతుణ్ణి ఎవరి ఇంట ఉంచుతారు, రెక్కల మీద ఏమి కప్పుతారు, వారానికొకసారి ఎవరు ఎగిరించి చూస్తారు అనే మూడు ప్రశ్నలే ప్రస్తుత శాస్త్రానికి బీజాలు.

యజమాని ఒక దేశంలోనూ వాహనం మరొక దేశంలోనూ ఉండవలసి వచ్చినప్పుడు, ఆ వాహనాన్ని అమ్మక, నడపక, మరువక, ఒకానొక స్థలంలో విధ్యుక్తంగా నిద్రపుచ్చి, పునర్దర్శన కాలంలో విధ్యుక్తంగా మేల్కొలిపే విద్యకు వాహన శయన శాస్త్రమని పేరు. ‘అమ్మక’ అనడం చేత సెకండ్‌హ్యాండ్ బేరాలూ, ‘నడపక’ అనడం చేత బాడుగ బండ్లూ, ‘మరువక’ అనడం చేత పోలీసు స్టేషన్ల ఆవరణలో తుప్పు పట్టే జప్తు వాహనాలూ ఈ నిర్వచనం నుంచి తొలగిపోతున్నాయి. కనుక అతివ్యాప్తి దోషం లేదు.

పూర్వాచార్యులు ఈ విద్య గడప దాకా వచ్చి ఆగిపోయినవారే. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుడి విధులు చెబుతూ, గాలివానకు దెబ్బతిని వచ్చిన నావను కన్నతండ్రిలా ఆదరించమన్నాడు. మూడవ అధికరణంలో ఔపనిధికం పేరిట దాపుడు సొమ్ము ధర్మాలు వివరించాడు. నావ ఒక అధికరణంలోనూ దాపుడు మరొక అధికరణంలోనూ ఉండిపోవడం వల్ల దాచిన నావ ఏ అధికరణానికీ చెందక అనాథ అయింది. భోజరాజు పేరిట ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు సామాన్య నావలను క్షుద్ర మొదలుకొని మంథర వరకు పది జాతులుగా విభజించింది. నీటి మీద నడిచే నావకు పది పేర్లు దొరికాయి. ఒడ్డున పడుకున్న నావకు ఒక్క పేరూ దొరకలేదు. ఆ లోపాన్ని పూరించడమే ప్రస్తుత ప్రయత్నం.

ఈ శాస్త్రానికి అధికారి ఎవరు? చేతిలో టికెట్టు ఉండి, బండి అమ్మడానికి మనసొప్పనివాడు. విషయం ఏది? పట్ట కింద ఉన్నది. ప్రయోజనం ఏది? ఆఖరి ప్రకరణంలో తేలుతుంది.

2. ప్రవాస ద్వైవిధ్యం

శయనం మూలతః రెండు విధాలు. యజమాని ఇంట ఉండగా వాహనం పరదేశంలో నిద్రించడం వాహన ప్రవాసం. వాహనం ఇంట నిద్రించగా యజమాని పరదేశంలో మేలుకొని ఉండడం స్వామి ప్రవాసం. మొదటిది నౌకా శాఖ, రెండవది శకట శాఖ.

నౌకా శాఖకు గ్రీసు, టర్కీ తీరాలు పుణ్యక్షేత్రాలు. ఉత్తర ఐరోపా వాసులైన తెరచాప పడవల యజమానులు వేసవి అంతా ద్వీపాల నడుమ విహరించి, చలి మొదలయ్యే వేళకు పడవను అక్కడి బోట్‌యార్డులో ఒడ్డెక్కించి, తాము విమానమెక్కి ఇల్లు చేరుకుంటారు. చక్రాల మీద కదిలే పెద్ద యంత్రమొకటి పడవ పొట్ట కింద వెడల్పాటి పట్టీలు వేసి, ఉయ్యాల్లో బిడ్డను ఎత్తినట్టు నీళ్ళలోంచి పైకి తీస్తుంది. అడుగున పట్టిన నాచునూ గుల్లలనూ కడిగి, ఇనుప ఊతకోలల మధ్య పడవను నిటారుగా నిలబెడతారు. తెరచాపలు విప్పి, ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి మడుస్తారు. ఇంజన్లోని నీరు గడ్డకట్టి ఉబ్బితే ఇనుము సైతం పగులుతుంది గనుక యాంటీఫ్రీజ్ పోస్తారు. ఇది శీత శయనం. కరీబియన్ దీవులలో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం కాబట్టి అక్కడ వేసవిలోనే నిద్రపుచ్చుతారు. కొన్నిచోట్ల నేలలో గొయ్యి తీసి పడవ అడుగుభాగాన్ని అందులోకి దించుతారు. ఇది వాత శయనం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట మాన్పిస్తారు. ఇది నిషేధ శయనం.

రెండు శాఖలకూ కాలనియమం ఉంది. అది పరస్పర విలోమం. ఐరోపా సమాఖ్యకు వెలుపలి వాసి తన పడవను పన్ను చెల్లించకుండా ఆ జలాలలో 18 నెలలు ఉంచుకోవచ్చు. కువైట్‌లో పనిచేసేవాడు ఆ దేశానికి వెలుపల 6 నెలలు దాటి ఉంటే సాధారణంగా అకామా, అనగా నివాసానుమతి, రద్దవుతుంది. అక్కడ వాహనం ఎక్కువకాలం ఉండరాదు. ఇక్కడ మనిషి ఎక్కువకాలం ఉండరాదు. ఈ సూక్ష్మభేదాన్ని గ్రహించనివాడు తదుపరి ప్రకరణాలు చదివీ వ్యర్థం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే త్రిక్షేత్రంలో సముద్రం లేదు. ఇది లోపమని కొందరు తలుస్తారు. సముద్రం ఉన్నచోట ఉప్పుగాలి, అలలు, పోటుపాట్లు శాస్త్రంలో చొరబడి విషయాన్ని కలుషితం చేస్తాయి. సముద్రం లేనిచోట శయనం శుద్ధరూపంలో గోచరిస్తుంది. అందుచేతనే రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వచ్చే కువైట్ యాత్రికుల బండ్లు ఈ శాస్త్రానికి ఉత్తమ లక్ష్యాలు. సొంతానికి వాడుకునే బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ 15 ఏళ్ళలో యజమాని రాకలు దాదాపు ఏడు, బండి మెలకువ పద్నాలుగు నెలలు, తక్కినదంతా నిద్ర. కాబట్టి నడవడం బండికి ఆగంతుక ధర్మం, పడుకోవడమే స్వభావ ధర్మం అని సిద్ధాంతం.

3. న్యాస భేదాలు

యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షర దాపుడును మూడు తెగలుగా విభజించింది. వాటి శకట ప్రయోగం ఈ విధంగా ఉంటుంది.

(1) నిక్షేపం: ఎదుట నిలిచి, చూపించి, లెక్కపెట్టి అప్పగించేది. ఉదాహరణ: “ఇదిగో తాళం, ఇదిగో ఆర్సీ, అద్దాలు రెండు, టాంకు నిండా పెట్రోలు, సీటు మీద చిరుగు ముందునుంచీ ఉండేదే.”

(2) ఉపనిధి: లోపల ఏముందో చెప్పకుండా మూసి అప్పగించేది. తాళం వేసిన కారు దీనికి లక్ష్యం. డిక్కీలో మరచిన నిమ్మకాయ పచ్చడి జాడీ రెండేళ్ళ తరువాత ఏ రూపంలో అవతరిస్తుందన్నది ఉపనిధి మీమాంసలో కఠినతమమైన సమస్య.

(3) న్యాసం: ఇంటి యజమాని లేనప్పుడు ఇంట్లోవారి చేతికిచ్చి, ఆయనకు అందజేయమని పోయేది. “అత్తా, బస్సుకు టైమైపోతా ఉంది, బామ్మర్ది వస్తే తాళం ఇచ్చేయ్” అన్నది ప్రసిద్ధ న్యాస వాక్యం.

4. రక్షక భేదాలు

నాయికా భేదాలెన్నో ఆలంకారికులు చెప్పారు. రక్షక భేదాలు ఐదని ఈ శాస్త్రం చెబుతోంది.

(1) పితృ రక్షకుడు. ఈయనకు బండి నడపడం రాదు, అందుచేత ఉత్తముడు. ప్రతి ఉదయం పట్ట తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పట్ట కప్పుతాడు. ఆ తడి పట్ట కిందే నిలిచి బోల్టులకు తుప్పు పట్టిస్తుంది. ప్రేమాధిక్యం వల్ల కలిగే ఈ క్షయాన్ని వాత్సల్య దోషమంటారు.

(2) శ్వశ్రూ రక్షకురాలు. ఈమె దృష్టిలో బండి ఒక కదలని ఉపరితలం. సీటు మీద వడియాలు, హ్యాండిల్ మీద తడిచీర, ఫుట్‌రెస్టు మీద చీపురు. ఉపయోగం ఉన్నా చలనం లేదు గనుక శాస్త్రసమ్మతమే.

(3) యాంత్రిక రక్షకుడు. షెడ్డు కల మెకానిక్. ఇతని వద్ద బండి క్షేమం, అవయవాలు చరాలు. క్లచ్ కేబుల్ ఒకరికి, హారన్ మరొకరికి, అత్యవసరంలో ప్లగ్గు ఇంకొకరికి సంక్రమిస్తాయి. యజమాని వచ్చే వారానికి సమాన సంఖ్యలో అవయవాలు తిరిగి చేరతాయి. అవే అవయవాలు కానవసరం లేదు.

(4) వేతన రక్షకుడు. స్టాండువాడు. చీటీని రెండుగా చించి, సగం హ్యాండిల్‌కు కట్టి సగం చేతికిస్తాడు. అతనికి బండితోగాని మనిషితోగాని సంబంధం లేదు; సగానికి సగం కలిస్తే చాలు. ఇతడు అద్వైతి.

(5) శ్యాలక రక్షకుడు. బామ్మర్ది. శాస్త్రంలో సగభాగం ఇతని గురించే. ఇతనికిచ్చే ఆదేశం ఒక్కటే: వారానికొకసారి స్టార్టు చేయి. ఈ ఆదేశానికి అతడు చేసే వ్యాఖ్యానం తర్కశాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశం కాదగినది. స్టార్టు చేయడమెందుకు? ఇంజన్ వేడెక్కడానికి. నిలబడి వేడెక్కితే బ్యాటరీ సరిగా ఎక్కదు, కనుక కదలాలి. కదలిక ఏదో ఒక దిక్కుకే సాధ్యం; కనుక దిక్కు ఉండాలి. దిక్కు ఉన్నప్పుడు గమ్యం లేకుండా పోవడం పెట్రోలు వృథా. కనుక గమ్యం ఉండాలి. గమ్యం ఉన్నది గనుక వెనక సీటు ఖాళీగా ఉండరాదు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్, సామాన్య వివేకం గలవాడు తన సొంత సొత్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపమని రక్షకుణ్ణి శాసిస్తోంది. శ్యాలకుడు ఆ సామాన్యుడు తానేనని భావిస్తాడు. అతని సొంత బండికి అద్దాలు లేవు, ఇండికేటర్లు లేవు, బ్రేకు ఒక్కటే. ప్రమాణం అక్కడ స్థిరపడుతుంది.

5. సంప్రదాయ త్రయం

మదనపల్లె సంప్రదాయం దీర్ఘ శయన వాదం. టమాటా మార్కెట్టు పుణ్యమా అని ఇక్కడ ప్లాస్టిక్ క్రేట్లకు కొదవలేదు. ఇంజన్ కింద క్రేట్లు పెట్టి, రెండు చక్రాలూ నేలకు తగలకుండా బండిని లేపడం వీరి ప్రధానాచారం. ఒకేచోట నిలిచిన టైరు బరువుకు అడుగున చదునుబడి, తరువాత పరుగులో దడదడలాడుతుంది. నౌకా శాఖవారి ఊతకోలల తత్త్వమే ఇది. ఇందులోనే రెండు ఉపశాఖలు: క్రేటు వెల్లకిలా ఉండాలని ఉత్తానవాదులు, బోర్లా ఉండాలని అవాఙ్ముఖవాదులు. బోర్లిస్తే దృఢత్వం; వెల్లకిలా పెడితే స్పానర్లు దాచుకోవచ్చు. ఇరుపక్షాల మధ్య వివాహ సంబంధాలు మాత్రం సాగుతున్నాయి.

పుంగనూరు సంప్రదాయం గోశాలా వాదం. బండిని పశువుల కొట్టంలో కట్టుగొయ్య పక్కన నిద్రపుచ్చుతారు. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. స్కూటరు సీటు ఎత్తూ దాదాపు అంతే. సమాన స్కంధాలు గల రెండు ప్రాణులు పక్కపక్కన నిలిచినప్పుడు కలిగే సౌహార్దం మరే జాతి ఆవుతోనూ సిద్ధించదని వీరి వాదం. పూర్వపక్షులు, కొట్టంలోని మూత్రపు ఘాటు క్రోమియం పూతను తినేస్తుందనీ, ఆవు సీటు నాకుతుందనీ ఆక్షేపిస్తారు. నాకడం వాత్సల్యమే గాని హింస కాదని సమాధానం.

కుప్పం సంప్రదాయం హ్రస్వ శయన వాదం. తెల్లవారుజామున స్టేషను దగ్గర బండి నిద్రపుచ్చి, రైలెక్కి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు కొలువుకు పోయి, రాత్రికి మేల్కొలిపేవారు వీరు. దీన్ని మదనపల్లె పండితులు శయనమని అంగీకరించరు, కునుకు అంటారు. కుప్పంవారి ప్రత్యుత్తరం గణితపరం: రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు, 20 ఏళ్ళ ఉద్యోగం, మొత్తం 3000 అహోరాత్రాలు, అంటే 8 ఏళ్ళకు పైచిలుకు. ఏ కువైట్ బండి ఏకబిగిన ఎనిమిదేళ్ళు పడుకుందో చూపమంటారు. ఇక తమలో తాము, నిద్రించే వస్తువును తెలుగులో బండి అనాలా, అరవంలో వండి అనాలా అని వివాదపడతారు. ద్రావిడ భాషల సామ్యాల నిమిత్తం 1997లో విశ్వవిద్యాలయమే వెలసిన ఊరు గనుక ఆ వివాదాన్ని వారికే విడిచిపెట్టడం మర్యాద.

6. శయన విధి

అంగాలు ఐదు.

(1) పూర్ణపాత్రం. టాంకు నిండుగా ఉండాలా, ఖాళీగా ఉండాలా? ఖాళీ టాంకులో గాలి నిండుతుంది, గాలిలో తేమ ఇనుప గోడలకు చెమర్చి తుప్పవుతుంది. కనుక నిండుగా అని ఒక పక్షం. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ తానే తేమను పీల్చుకుంటుంది. కనుక ఖాళీగా అని రెండవ పక్షం. టాంకు నింపి, కార్బురేటరును మాత్రం ఎండగట్టమని సిద్ధాంతం. పెట్రోలు కాకు మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపాలి. లేకుంటే మిగిలిన నాలుగు చుక్కలు ఎండి జిగురై సన్నని రంధ్రాలను మూసేస్తాయి.

(2) విద్యుద్విచ్ఛేదం. బ్యాటరీ నల్ల తీగ ముందు, ఎర్ర తీగ తరువాత విప్పాలి. క్రమం తప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. మేల్కొలిపేటప్పుడు క్రమం విలోమం.

(3) స్నేహనం. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి, కిక్కు నెమ్మదిగా రెండుసార్లు తిప్పాలి. పురిటిబిడ్డ మాడుకు ఆముదం అద్దడంతో దీనికి సామ్యం ఉంది.

(4) ద్వారబంధనం. సైలెన్సరు నోట్లో గుడ్డ కుక్కాలి. లేకుంటే కందిరీగలు మట్టిగూడు కడతాయి.

(5) ఆచ్ఛాదనం. టార్పాలిన్ పట్ట వాననాపుతుంది గాని లోపలి చెమ్మనూ ఆపుతుంది. పాత పంచె చెమ్మను వదులుతుంది గాని వాననూ వదులుతుంది. లోపల పంచె, పైన పట్ట, అడుగున జానెడు సందు అన్నది సమన్వయ వాదం. చలికాలమంతా పడవ లోపలికి గాలి ఆడేలా చూసే యవన తీరాల ఆచారమూ ఇదే చెబుతోంది.

7. దోష ప్రకరణం

హిమభయం లేని మన ప్రాంతానికి మూషికభయమే ప్రధానం. వైర్ల మీది పైపూత ఎలుకకు ప్రీతిపాత్రం. ఎలుక వినాయకుడి వాహనం. అంటే ఇక్కడ ఒక వాహనం మరొక వాహనాన్ని భక్షిస్తోంది. ఈ సజాతీయ భక్షణకు ప్రాయశ్చిత్తం ఏ స్మృతిలోనూ లేదు. కర్పూరపు బిళ్ళలు మాత్రం లోకాచారం.

ఎలుకను పట్టవచ్చిన పిల్లి డిక్కీలో ఈనితే ఏమిటన్నది రెండవ సమస్య. కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్ ప్రకారం దాపుడు సొత్తు వల్ల కలిగిన వృద్ధి యజమానిదే; అప్పగించిన ఆవు ఈనితే ఆవుతోపాటు దూడనూ తిరిగి ఇవ్వాలని చట్టమే ఉదాహరించింది. పుంగనూరు పండితులు దీన్ని తమ సంప్రదాయానికి శాసన ప్రమాణంగా గ్రహిస్తారు. మరి స్కూటరుతోపాటు నాలుగు పిల్లికూనలనూ అప్పగించాలా? కూనలు స్కూటరు వల్ల కలిగినవి కావు, స్కూటరులో కలిగినవి. ‘వల్ల’ విభక్తికీ ‘లో’ విభక్తికీ ఉన్న భేదాన్ని న్యాయస్థానాలు ఇంకా తేల్చవలసి ఉంది.

8. ఉత్థాపనం

పుంగనూరు సమీపంలోని ఒక లోగిలిలో జరిగిన ఉత్థాపనను ఈ వ్యాసకర్త ప్రత్యక్షంగా దర్శించాడు. కార్తికమాసం, ఉదయం ఏడు గంటలు. సూట్‌కేసుకు విమానాశ్రయపు చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. అత్తరు వాసన లోగిలంతా వ్యాపించి ఉంది. యజమాని స్వహస్తాలతో తాడు విప్పి పట్ట తొలగించగా స్పీడోమీటరు మీదినుంచి ఒక బల్లి దిగి, తొందరపడకుండా వెళ్ళిపోయింది. సైలెన్సరు గుడ్డ తీశారు. తండ్రి కుంకుమ బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచాడు. “చోకు లాగి కొట్టు నాయనా” అన్నాడు. మొదటి పదకొండు కిక్కులకు నిశ్శబ్దం. పన్నెండవ దానికి దగ్గు. పదిహేడవ దానికి నీలిపొగ కక్కి, బండి లేచింది. ఆవు ఒకసారి తలెత్తి చూసింది.

అప్పుడు యజమాని వంగి మీటరు చూశాడు. పోయేనాడు క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్న అంకె 23,416. మీటరు మీది అంకె 25,072.

“ఏంరా అబ్బీ, పదహారువందల కిలోమీటర్లు యాడికి పోయినావు?”

“యాడికీ పోలేదు బావా. ఇంజను పట్టేస్తాదని ఊరికే అట్ల తిప్పినా.”

వ్యాసకర్త అక్కడే గణించాడు. భేదం 1,656, వారాలు 104, వారానికి దాదాపు 16 కిలోమీటర్లు, పోను ఎనిమిది, రాను ఎనిమిది. లోగిలి కేంద్రంగా ఎనిమిది కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దానిపై ఏ ఊరుందో, ఆ ఊళ్ళో ఎవరున్నారో విచారించడం ఈ శాస్త్ర పరిధిలోనిది కాదు. మరుసటి వైశాఖంలో శ్యాలకుడికి ఆ దిక్కు నుంచే సంబంధం కుదిరిందని నమోదు చేస్తే చాలు. దాపుడు సొత్తు వల్ల కలిగిన ఈ వృద్ధిని 163వ సెక్షన్ కింద ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నను ఇరువైపుల పెద్దలూ లేవనెత్తలేదు.

9. నిర్ణయం

ఎక్కడ పొగ ఉందో అక్కడ నిప్పు ఉందని నైయాయికులు కొండను చూసి అనుమానిస్తారు. ఎక్కడ కప్పిన బండి ఉందో అక్కడికి మనిషి తిరిగి వస్తాడన్నది ఈ శాస్త్రం చేసే అనుమానం. పక్షం లోగిలి, హేతువు పట్ట, సాధ్యం పునరాగమనం. అమ్మితే డబ్బొస్తుంది, అమ్మకపోవడం వల్ల వచ్చేది ఈ అనుమానమొక్కటే. శాస్త్ర ప్రయోజనమూ ఇదే.

వ్యభిచారం లేదా? ఒక ఉదాహరణ చూపుతారు. మదనపల్లె దాపున ఒక ఇంట, తొమ్మిదేళ్ళుగా మనిషి రాలేదు. బండి అలాగే ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. ఐతే ఏటా ఉగాదికి ముందు ఆ తల్లి పాత పట్ట తీసేసి కొత్తది కప్పిస్తోంది. ఎందుకని అడిగితే, “బండి ఈడనే ఉంది కదా నాయనా, యాడికి పోతాడు” అంది. కనుక హేతువు ఇంకా జీవించే ఉంది. అనుమానానికి భంగం లేదు. దీన్ని దీర్ఘతర శయనంగా పరిగణించి శాస్త్రంలోనే చేర్చుకోవడమైనది.

ఫలశ్రుతి: ఈ ప్రకరణాలను ప్రయాణానికి ముందునాడు నిష్ఠతో పఠించినవాని బ్యాటరీ చావదు, ప్లగ్గు తడవదు, వైర్లను మూషికం ముట్టదు. శ్యాలకుడి విషయంలో మాత్రం ఫలం చెప్పబడలేదు.